మునిగిన విజయపురి – తేలని పుస్తకం

నాగార్జునకొండకు పోయివచ్చినవారు వ్రాసుకొనే యాత్రావర్ణనలు చదివినప్పుడెల్లా ఒకచోట నా చూపు ఆగిపోతూ ఉంటుంది. లాంచీ దిగి, మెట్లెక్కి, పదిహేడు వందల ఏళ్లనాటి కట్టడాలను అవి పుట్టిన చోటనే చూచివచ్చినట్లు వ్రాస్తారు. వారు చూచినవి అబద్ధపు కట్టడాలని నేననను. కాని చోటు ఆ చోటు కాదు. లోయలో ఉండిన తొమ్మిది కట్టడాలను విప్పి తెచ్చి కొండమీద తిరిగి కూర్చారు. గట్టున అనుపు దగ్గర మరికొన్నిటిని మళ్లీ కట్టారు, కొన్నిటికి నమూనాలు చేసి నిలిపారు. అసలు తావు ఆ యాత్రికులు లాంచీలో కబుర్లు చెప్పుకొంటూ దాటివచ్చిన నీళ్ల కింద ఉన్నది.

ఇంత చిన్న తేడా పట్టుకొని ఇంత రాద్ధాంతం దేనికి అని మిత్రులు అడగవచ్చు. తేడా చిన్నది కాదని చెప్పడానికే ఈ వ్రాత.

ముందు ఆ లోయ సంగతి కొంచెం చెప్పాలి. మూడు దిక్కుల నల్లమల కొండల శాఖలు, నాలుగవ దిక్కున కృష్ణానది, నడుమ ఇంచుమించు ఇరవైమూడు చదరపు కిలోమీటర్ల నేల. శాతవాహనుల తరువాత, క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజులు అక్కడ విజయపురి అనే రాజధానిని ఏర్పరచుకొన్నారు. చాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల చాంతమూలుడు, ఆపైన రుద్రపురుషదత్తుడు. రాజ్యం నూరేళ్లకు కొంచెం అటూ ఇటూగా నిలిచింది. మొదటి చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. అతని తోబుట్టువు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి స్తంభాలెత్తించిన ఉపాసిక. ఒకే ఇంట అన్న యజ్ఞం చేయుట, చెల్లెలో అక్కో చైత్యం కట్టించుట ఆనాటి వారికి వింతగా తోచినట్లు లేదు. వీరపురుషదత్తుడు తన మేనత్తల కూతుళ్లను పెండ్లాడినట్లు శాసనాలే చెప్తున్నాయి. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్వేవారు. మా ఇళ్లలో జరిగేదే గదా అని ఆ నవ్వు. రాజుల పేర్ల పట్టిక ఎంత బోధించినా రాని ఆత్మీయత ఆ ఒక్క మేనరికంతో వచ్చేది.

ఇంతటి రాజధాని అడవిపాలై మరుగున పడిపోగా, దాన్ని మళ్లీ లోకానికి చూపినవారిలో మొదటివాడు ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానికోపాధ్యాయుడు అక్కడొక ప్రాచీన స్తంభాన్ని చూచి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసన పరిశోధక శాఖలో తెలుగు సహాయకుడుగా ఉండిన రంగస్వామి సరస్వతిగారు వచ్చి, చూచి, అది సామాన్యమైన తావు కాదని గుర్తించారు. ఒక బడిపంతులు, ఒక తెలుగు సహాయకుడు! జీతపు పట్టికలో ఇద్దరివీ చివరి వరుసలే అయి ఉంటాయి. జీవితమంతా బడిలోనే గడిపిన నాబోటివాడు ఈ రెండు పేర్లను కొంచెం గొంతు పెంచి చెప్పుకొంటే మిత్రులు క్షమించాలి. చరిత్ర పుస్తకాలలో వారి తరువాతనుంచి వచ్చే పేర్లే పెద్ద అక్షరాలలో ఉంటాయి. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. మహాచైత్యం పునాదులు బండిచక్రం ఆకారంలో బయటపడ్డాయి. ఆకుల నడుమ ఒక గదిలో వెండి పెట్టెలో బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క దొరికాయి. శాసనాలను డచ్చి పండితుడు వోగెల్ చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. 1938లో రామచంద్రన్ మళ్లీ కొంత తవ్వాడు.

ఆ తరువాత ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోతుందని అప్పటికే తేలింది. కాబట్టి 1954లోనే పురావస్తుశాఖ ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో పెద్దఎత్తున తవ్వకాలు మొదలుపెట్టింది. 1960 దాకా, అంటే ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో వందకు పైగా తావులు తవ్వారు. పాతరాతియుగపు పనిముట్లు, కొత్తరాతియుగపు ఇళ్ల జాడలు, రాకాసి గుళ్లు అని మన పల్లెల్లో పిలిచే పెద్దరాతి సమాధులు, ఇక్ష్వాకుల కోట, విహారాలు, దేవాలయాలు, స్నానఘట్టాలు, అశ్వమేధానికి సంబంధించినదని భావించిన మెట్ల కోనేరు, చుట్టూ మెట్ల వరుసలున్న రంగస్థలం, యుద్ధంలో పడినవారికీ పోయిన రాజులకూ నిలిపిన ఛాయాస్తంభాలు – ఒక్కొక్క విషయానికే ఒక పండితుని జీవితం చాలదు. అటువంటిది, నీరు తరుముకొని వస్తూ ఉంటే, ఎండనక వాననక ఆ మనుషులు చేసిన పని తలచుకొంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అవతలి గట్టున నల్లగొండ వైపు ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తుశాఖ పక్షాన అబ్దుల్ వహీద్ ఖాన్‌గారు ఇదే పరుగులో తవ్వించారు. ఆ ఊరూ మునిగింది. ఏలేశ్వరం పేరు మన వ్రాతల్లో ఎందుకనో ఎక్కువగా కనిపించదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పకపోతే కొందరు నన్ను ఆనకట్టల వ్యతిరేకినని అనుకొంటారు. నేను ఆ కాలువనీటి అన్నం తిన్నవాణ్ని. మాది పల్నాడు. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంట వరి అన్నం పండుగనాటి మాట, తక్కిన రోజులు జొన్నకూడే. 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాత కొన్నేళ్లకు మా ఊళ్లో వరిమడి కనిపించింది. ఆ మడిని చూచి మా నాన్న గట్టుమీద చాలాసేపు నిలబడ్డాడని అమ్మ చెప్పేది. కడుపు నిండినవాడు కూర్చుని, రాళ్లకోసం ఆనకట్ట కట్టకుండా ఉండవలసింది అని వ్రాస్తే అది కృతఘ్నత. లోయను ముంచడం తప్పా ఒప్పా అనేది కాదు నా ప్రశ్న. ముంచిన తరువాత మన బాధ్యత ఏమిటి అన్నదే.

ఆ కాలంలోనే ఈజిప్టులో నైలునది మీద ఇటువంటి కథే ఇంకా పెద్దదిగా నడిచింది గనుక దాన్ని పక్కన పెట్టి చూస్తే మన సంగతి బాగా తెలుస్తుంది. అస్వాన్ ఎత్తు ఆనకట్ట పని 1960లో మొదలయింది. ఆ ఏడు మార్చి నెలలో యునెస్కో ప్రపంచ దేశాలన్నిటినీ సాయమడిగింది. అబూ సింబెల్ అనే చోట రెండవ రామెసీస్ కొండను తొలిపించి కట్టించిన రెండు గుడులున్నాయి. పెద్ద గుడి ముందు ఇరవై మీటర్ల ఎత్తున కూర్చున్న నాలుగు రాజవిగ్రహాలు. వాటిని 1964 నుంచి 1968 వరకు వెయ్యికి పైగా రాతి దిమ్మెలుగా కోసి, అరవై ఐదు మీటర్ల పైకి, రెండు వందల మీటర్ల వెనక్కి జరిపి, మళ్లీ కూర్చారు. ఒక్కొక్క దిమ్మె ఇరవై ముప్పై టన్నుల బరువు. ఖర్చు నాలుగు కోట్ల డాలర్లు. వెనుక కొండ కావాలి గనుక కొండను కూడా తయారు చేశారు. ఇప్పుడు గుడి వెనుక కనిపించే కొండ లోపల కాంక్రీటు గుమ్మటం ఉన్నది.

ఆ పనిలో నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. ఆ నాలుగు విగ్రహాలలో ఒకదాని పైభాగం ప్రాచీనకాలంలోనే విరిగి కాళ్ల దగ్గర పడి ఉన్నది. కొత్తచోట కూర్చేటప్పుడు దాన్ని అతికించి నిలబెట్టవచ్చు. వారట్లా చేయలేదు. కింద ఏ ముక్క ఏ వాలున పడి ఉండినదో, పైన ఆ ముక్కను ఆ వాలునే పడవేశారు. పడిపోవడం కూడా ఆ గుడి చరిత్రలో భాగమే అని వారి భావన. ఏటా ఫిబ్రవరిలోను, అక్టోబరులోను ఒక్కొక్కనాడు ఉదయపు ఎండ గర్భగుడి లోపలి దాకా పోయి మూర్తులను తాకుతుంది. కొత్తచోటను కూడా ఆ దిశ తప్పకుండా నిలిపారు.

మన దేశం ఆ పనిలో పాలుపంచుకొన్నది. 1961–62లో బి.బి. లాల్ నాయకత్వాన మన పురావస్తుశాఖ బృందమొకటి నూబియాకు పోయి అఫియే అనే చోట తవ్వకాలు జరిపింది. ఇక్కడ కృష్ణ ఒడ్డున తవ్వకం ముగిసిన మరుసటి ఏడే మనవారు నైలు ఒడ్డున పలుగు పట్టారన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగానైనా ఉంటే ఎంత బాగుండును!

అయితే అబూ సింబెల్ పొగడ్తలలో మరచిపోయేవి రెండున్నాయి. బుహెన్ అనే చోట నాలుగువేల ఏళ్లనాటి మట్టి ఇటుకల కోట ఉండేది. మట్టి ఇటుకను కోసి మోసుకొని పోలేరు. ఎమెరీ అనే పండితుడు తవ్వి, కొలిచి, వ్రాసుకొన్న తరువాత అది మునిగి కరిగిపోయింది. ఇప్పుడు బుహెన్ కోట ఎక్కడున్నదంటే ఆయన పుస్తకంలో ఉన్నది. రెండవది, మనుషులు. ఈజిప్టు వైపు సుమారు యాభైవేల మంది, సూడాన్ వైపు మరి అంతమంది నూబియన్లు ఊళ్లు వదిలారు. గుడులకు నాలుగు కోట్ల డాలర్లు పోగుచేసిన ప్రపంచం వారి ఖర్జూరపు తోటల మాట అంతగా తలచుకోలేదు. కోమ్ ఓంబో దగ్గర కట్టిన కొత్త ఊళ్లకు పాత ఊళ్ల పేర్లే పెట్టుకొన్నారు. ఊరు పోయినా పేరు పోనివ్వలేదు.

మన లోయలోను పల్లెలుండేవి. పాత నివేదికలలో పుల్లారెడ్డిగూడెం అన్న పేరు కనిపిస్తుంది. అటువంటి ఒక పల్లెనుంచి తరలి వచ్చిన ముసలమ్మ ఒకావిడ మా బడిలో చదివిన పిల్లవాని నాయనమ్మ. ఒకసారి వారింటికి పోతే తన ఊళ్లోని చేలపేర్లు వరుసగా చెప్పింది. దిబ్బచేను, రాతికాళ్ల చేను, బావికాడి చెక్క. "రాతికాళ్లంటే ఏమిటమ్మా?" అని అడిగాను. "నిలబెట్టిన రాళ్లయ్యా, వాటికి బొమ్మలుండేవి, మేము ఎద్దుల్ని కట్టేసేవాళ్లం" అన్నది. పండితులు స్తంభమన్నదాన్ని ఆమె రాతికాలు అన్నది. ఎద్దును కట్టిన గుంజ, ఇక్ష్వాకుల స్తంభం, ఆమె జ్ఞాపకంలో ఒకటే. ఆ చేలపేర్లు ఏ నివేదికలోను నాకు కనిపించలేదు. తావులకు సంఖ్యలు వేసుకొన్నారు. తవ్వేవారికి సంఖ్యలే సుకరం, నిజమే. కాని ఆ సంఖ్య పక్కన చేనిపేరు ఒకటి వ్రాసి ఉంటే ఏమి పోయేది!

అబూ సింబెల్ ఒక గుడి. గుడిని ఎత్తవచ్చు. విజయపురి ఒక ఊరు. ఊరిని ఎత్తలేము. కోటకు ఎంత దూరాన విహారం, విహారానికి ఏ దిక్కున కోనేరు, ఘట్టం మీద నిలబడితే ఎదురుగా ఏమి కనిపించేది, రంగస్థలం మెట్లమీద కూర్చున్నవాని వెనుకనుంచి ఏ వీధి పోయేది – ఊరు అంటే ఈ సంబంధాలే. పదాలన్నీ నిఘంటువులో ఉన్నా కావ్యం నిఘంటువులో లేనట్లే, కట్టడాలన్నీ కొండమీదికి తెచ్చినా విజయపురి కొండమీదికి రాలేదు. అన్వయం తెగిపోయింది.

మా పిల్లలను అక్కడికి తీసుకొని పోయిన ప్రతిసారీ ఎవడో ఒకడు అడిగేవాడు. అనుపు దగ్గర రంగస్థలం మెట్లమీద గంతులు వేస్తూ ఒకడు, "మాస్టారూ, ఇది ఇక్కడే ఉండేదా?" అన్నాడు. కాదురా, అదిగో అక్కడ అని జలాశయం వైపు చూపించాను. వాడు నీళ్లవంక కాసేపు చూచి, "ఎంత లోతులో?" అని అడిగాడు. పురాతత్త్వానికి అంతకంటె మంచి ప్రశ్న లేదు. తరలించిన ప్రతి కట్టడం దగ్గరా తెలుగులో మూడు పంక్తులు ఉండాలని అప్పటినుంచి నా కోరిక. ఇది మొదట ఎక్కడ ఉండేది, ఇక్కడినుంచి ఎంత దూరం, ఇప్పుడు ఎన్ని మీటర్ల నీటి కింద ఉన్నది. దానితోపాటు, ఇందులో పాత రాయి ఎంత, కొత్తగా చేర్చినది ఎంత. ఇవి చెప్పడంవలన ఆ చోటు గౌరవం తగ్గదు. అబూ సింబెల్‌లో పడిన విగ్రహాన్ని పడినట్లే ఉంచినవారికి ఉన్న నిజాయితీ వంటిదే ఇదీ.

గుడి సంగతి వేరు అని కొందరంటారు, అదీ నిజమే. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో నిలిపారు. అక్కడ దీపం వెలుగుతున్నది, అర్చన జరుగుతున్నది. భక్తునికి స్వామి వచ్చిన చోటే క్షేత్రం. అదే జలాశయంలో ఎగువన సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరం గుడిని తరలించలేదు. ఏడాదిలో చాలా నెలలు నీట మునిగి ఉండి, వేసవిలో నీరు తీసినప్పుడు బయటపడుతుంది. బయటపడగానే బురద కడిగి పూజ మొదలుపెడతారు. దేవుణ్ని నమ్మేవారున్నంతకాలం మునిగిన గుడి కూడా బతికే ఉంటుంది. విజయపురి విహారాలకు ఆ భాగ్యం లేదు. భిక్షువులు పోయి పదహారు వందల ఏళ్లు దాటింది. వాటికి అర్చకులు లేరు, చదువరులే ఉన్నారు. అందుకే వాటి విషయంలో పుస్తకానికి అంత బరువు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. తవ్వకం అంటే ఒక విధంగా ధ్వంసం. పొరమీద పొరను తొలగించుకొంటూ పోతారు, తీసిన పొర మళ్లీ రాదు. మామూలు తావులో అయితే తవ్వని భాగం కొంత మిగులుతుంది, రేపటివాడు వచ్చి సరిచూడవచ్చు. మునిగిన తావులో ఆ అవకాశం కూడా లేదు. కాబట్టి తవ్వినవారు వ్రాసిపెట్టిన నివేదికే ఇక ఆ తావు. నివేదిక రానంతకాలం లోయ రెండుసార్లు మునిగినట్లు.

నాగార్జునకొండ తవ్వకం 1960లో ముగిసింది. సమగ్ర నివేదికలో మొదటి సంపుటం, అంటే రాతియుగాలు, పెద్దరాతి సమాధులు మొదలైనవి, 1975లో వెలువడింది. ఇక్ష్వాకుల కాలానికి సంబంధించిన రెండవ సంపుటం 2006లో వచ్చింది. నలభై ఆరేళ్లు! కాలువలకు నీరు వదిలిననాడు పుట్టిన పిల్లవాడికి అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. నడుమ ఏటేటి సంక్షిప్త వివరాలు, ఒక చక్కని మార్గదర్శిని, పండితుల వ్యాసాలు రాకపోలేదు. అవి పటం ఇస్తాయి, చిత్రం ఇస్తాయి, సారాంశం ఇస్తాయి. ఏ గదిలో ఏ పొరలో ఏ నాణెం దొరికిందో సమగ్ర నివేదికే చెప్పాలి. ఆలస్యానికి కారణాలు ఉండే ఉంటాయి, సామగ్రి సముద్రమంత. ఒక మనిషిమీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. ఆనకట్టకు శంకుస్థాపన జరిగిననాడే పుస్తకానికి కూడా గడువు పెట్టి, డబ్బు విడిగా తీసిపెట్టి ఉండవలసినదని మాత్రం గట్టిగా అంటాను. సిమెంటుకు లెక్క ఉన్నప్పుడు అచ్చుకు లెక్క ఎందుకు ఉండకూడదు?

వచ్చిన ఆ రెండు సంపుటాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. పల్నాడులో చదువుకొన్నవాడు తన కాళ్లకింద ఏమి ఉండినదో తెలుసుకోవాలంటే పెద్ద గ్రంథాలయానికి పోయి, పరభాషలో, పారిభాషిక పదాల అడవిలో వెదకుకోవాలి. తెలుగులో చరిత్రకారులు ఏమీ వ్రాయలేదని కాదు. వ్రాశారు, మంచివి వ్రాశారు. నేనడిగేది వేరు. తావు తావుకు పటం, దొరికిన వస్తువుల పట్టిక, శాసనాల పాఠం – అంటే ఆధారం, వ్యాఖ్యానం కాదు – తెలుగులో కావాలి. వ్యాఖ్యానం ఎవరికి వారు చేసుకొంటారు.

ప్రాకృత శాసనాలతో తెలుగు పండితునికి ఏమి పని అని మా సహోపాధ్యాయుడొకరు హాస్యమాడేవారు. తద్భవం చెప్పవలసిన వానికి ప్రాకృతం గుండా పోక తప్పదు మరి. ఒక ఉదాహరణ ఇస్తాను. వీరపురుషదత్తుని పద్నాలుగవ రాజ్యసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక సింహళదేశపు థేరవాద ఆచార్యుల కోసం ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆమె రాణి కాదు, ధనిక కుటుంబపు గృహిణి. ఆ ఆచార్యులు ఏయే దేశాల వారిని ధర్మంలోకి తెచ్చారో వరుసగా చెప్పించింది. కాశ్మీరం, గాంధారం, చీన, చిలాత, తోసలి, అవరాంతం, వంగం, వనవాసి, యవన, దమిల, పలుర, తంబపంణి. కృష్ణ ఒడ్డున నిలబడి చైనానూ యవనులనూ ఒక్క ఊపిరిలో పలికిన గృహిణి! ఊరికి ఎంత దూరపు మనుషులు వచ్చిపోయేవారో దీనికంటె వేరే సాక్ష్యం ఎందుకు? ఆపైన, ఎక్కడెక్కడ ఏమి కట్టించిందో లెక్క చెప్పింది. కోనేరు ఒకటి, మండపం ఒకటి, బోధివృక్షానికి గుడి ఒకటి. చివర పని చేయించిన భిక్షువుల పేర్లు, ఆపైన రాతిపని చేసినవాని పేరు. అతడు విధికుడు. అతని వృత్తిని ఆ శాసనం చెప్పిన మాట సేలవఢకి. సంస్కృతంలో శిలావర్ధకి.

ఈ వఢకియే మన వడ్లంగి, వడ్రంగి. ఇప్పుడు కర్రపనివానికే ఆ పేరు మిగిలింది. ఆనాడు రాతిపనివానికి ముందు సేల అని విశేషణం చేర్చి చెప్పారు. మన వీధి చివర ఉలి పట్టుకొని కూర్చున్న మనిషి పేరు పదిహేడు వందల ఏళ్లనాటి రాతిమీద ఉన్నదని చెప్తే వడ్రంగుల పిల్లవాడొకడు వెనుకబెంచీలో నిటారుగా కూర్చున్నాడు. ఆ రోజు నేను చెప్పిన తక్కిన పాఠం వాడు విన్నాడో లేదో నాకు తెలియదు, అక్కరలేదు కూడా. ఆ మాట వాడికి ఏ పుస్తకంలో దొరకాలి? అదే నా బాధ.

ఈమధ్య త్రిమితీయ చిత్రాలతో, కళ్లకు పెట్టుకొనే యంత్రాలతో మునిగిన నగరాలను చూపిస్తున్నారు. విజయపురినీ అట్లా చూపవచ్చునని ఒక మిత్రుడు ఉత్సాహంగా చెప్పాడు. చూపవలసిందే. కాని ఆ చిత్రకారునికి గోడ ఎత్తు ఎంతో, మెట్లు ఎన్నో చెప్పవలసినది మళ్లీ ఆ నివేదికే. అది చదవకుండా గీసిన బొమ్మ సినిమా సెట్టింగు అవుతుంది. చూడటానికి బాగుంటుంది గాని దానిమీద ప్రశ్న వేయలేము.

ఇది గడచిపోయిన వ్యవహారం కూడా కాదు. టర్కీలో టైగ్రిస్ ఒడ్డున హసన్‌కేఫ్ అనే అతిప్రాచీనమైన ఊరు ఇలిసు ఆనకట్ట నీటిలో 2020లో మునిగింది. అంతకు ముందే, 2017లో, పదిహేనవ శతాబ్దపు జైనెల్ బే సమాధిని చక్రాల బండిమీద పెట్టి ఎత్తయిన చోటికి తరలించారు. పదకొండు వందల టన్నుల కట్టడం అట్లా కదలిపోతూ ఉంటే ప్రపంచమంతా ఆశ్చర్యంగా చూచింది. ఊళ్లోని గుహల ఇళ్లు, అంగళ్ల వీధి బండి ఎక్కలేదు.

పెద్ద పుస్తకం ఎవరో వేసేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కర లేదు. వోగెల్ ఇచ్చిన పాఠాలను తెలుగు లిపిలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటిది బోధిసిరి శాసనమే. మూలం, దాని కింద సంస్కృతచ్ఛాయ, దాని కింద తెలుగు ప్రతిపదార్థం, ఆపైన ఏ మాటకు మన వాడుకలో సంతానం ఉన్నదో ఒక చిన్న వివరణ. రోజుకు రెండు పంక్తులు సాగితే గొప్ప. ప్రాకృతంలో అనుస్వారాన్ని మన లిపిలో ఎట్లా చూపాలన్న దగ్గర, చిలాతను కిరాత అని ఛాయలో వ్రాసేయవచ్చునా లేక ఉన్నదున్నట్లు వదలాలా అన్న దగ్గర, పలుర ఎక్కడిదో చెప్పవలసిన దగ్గర ఆగి ఉన్నాను. పాళీ, ప్రాకృతాలు తెలిసిన మిత్రులు నలుగురైదుగురు ఇక్కడికి వస్తూ ఉంటారని ఎరుగుదును. లోయనుంచి తరలి వచ్చిన కుటుంబాలవారు ఎవరైనా చదువుతూ ఉంటే వారినడిగేది వేరే ఉన్నది. మీ ఇంట్లో పెద్దవారు ఇంకా ఉంటే, చేలపేర్లు అడిగి, వారు చెప్పిన ఉచ్చారణలోనే వ్రాసి పంపండి. ఏ చేను ఏ దిక్కున ఉండేదో కూడా.